మిస్ డెవానీ కలిపిన వరస

మొన్నొక మధ్యాహ్నం ఆఫీసులో నా వెనక బల్ల దగ్గర ఎవరో కమలాపండు ఒలిచారు. బయట వాన. డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో మా కిటికీలోంచి చూస్తే కాలువ నీళ్ళకీ ఆకాశానికీ తేడా తెలియని రోజు. చెత్తబుట్ట దాకా వెళ్ళడానికి బద్ధకించి కాబోలు, ఆ మనిషి తొక్కని రేడియేటర్ మీద పెట్టాడు. కాసేపటికి అది వేడెక్కి, తీపీ చేదూ కలిసిన వాసన గదంతా అలముకుంది. నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆ వాసన నాకు పండు వాసన కాదు, కాజిల్‌బార్‌లో మా స్కూల్లో ఒక ఇరుకు గది వాసన. ఆ గదిలో పైకప్పు కారేది, గోడలు చెమ్మగిల్లేవి. ఆ చెమ్మ కంపుని కప్పడానికి మిస్ డెవానీ రోజూ ఒక పండు ఒలిచి, సగం తొనలు నా ముందు పెట్టి, తొక్కని రేడియేటర్ మీద ఆరబెట్టేది.

ఆవిడ నాకు ఇంగ్లీషు టీచరు. అందరికీ చెప్పే ఇంగ్లీషు కాదు, వేరే భాష ఇంట్లో మాట్లాడే పిల్లలకి విడిగా చెప్పే ఇంగ్లీషు. మిగతా పిల్లలు ఐరిష్ భాష క్లాసుకి వెళ్ళే వేళ నన్ను ఆవిడ గదికి పంపేవారు. పొట్టి మనిషి, అరవైకి దగ్గర పడిన వయసు, గాలికి ఎప్పుడూ చెదిరే నెరసిన జుట్టు. కాజిల్‌బార్ ఉన్న మేయో జిల్లాలోనే పుట్టి, అక్కడే పెరిగి, పక్క జిల్లా వాళ్ళని కూడా పరాయి దేశస్థుల్లా చూసే మనిషి.

మేమెవరమో చెప్పకుండా ఆవిడ నాకేం చేసిందో చెప్పలేను. మాది ఒంగోలు వైపు పొగాకు వ్యాపారం చేసిన కుటుంబం. మా తాతగారు వేలంపాట దగ్గరికి వస్తే ఆయన కూర్చునే దాకా పాట మొదలయ్యేది కాదు. ఆయన గదిలోకి అడుగు పెడితే లేచి నిలబడని మనిషి ఉండేవాడు కాదట. నాకు నాయనమ్మ పేరే పెట్టారు, రాజ్యలక్ష్మి అని. నాకు ఊహ వచ్చేసరికే గోడౌన్లు పోయాయి, పొగాకు కాల్చే బేరన్లు పోయాయి, ఆ దిగులుతో తాతగారూ పోయారు. మిగిలింది నిలబడే తీరు ఒక్కటే. దాన్ని నాన్న ఎవరికీ అమ్మలేదు, నేనూ అమ్మలేదు. ఆ కష్టంలో అమ్మ ముప్పై ఏళ్ళు దాటాక నర్సింగ్ చదివింది. ఐర్లాండ్‌లో ఉద్యోగం దొరికి ముందు తనొక్కతే వెళ్ళింది. ఏళ్ళ తరబడి అమ్మ నాకు ఫోనులో గొంతు మాత్రమే. పదమూడేళ్ళ వయసులో నాన్నా నేనూ వెళ్ళి ఆమెని కలుసుకున్నాం. నాన్న ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్ వంటగదిలో పనికి చేరారు. అక్కడ కట్టుకునే ఏప్రన్‌ని కూడా ఆయన ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవారు.

నాకు ఇంగ్లీషు రాదని కాదు. కాన్వెంటులో చదివాను, వ్యాసాలు తప్పు లేకుండా రాసేదాన్ని. కానీ కాజిల్‌బార్ పిల్లల మాట నాకు గులకరాళ్ళ మీద నీళ్ళు పారినట్టు వినిపించేది. తప్పు మాట్లాడి నవ్వులపాలయ్యేకంటే మాట్లాడకపోవడం మేలని, వాక్యం మొత్తం మనసులో కూర్చుకున్నాకే నోరు తెరిచేదాన్ని. అది కుదిరేసరికి వాళ్ళు వేరే కబుర్లలో ఉండేవారు. ఇలాంటి పిల్లని ప్రత్యేకమైన గదికి పంపితే ఆ పిల్లకి ఎలా ఉంటుంది? సత్రంలో ఆకు వేసినట్టు అనిపించింది. మొదటి రోజు మిస్ డెవానీ లోపలికి రాగానే లేచి నిలబడ్డాను.

"కూర్చో" అంది.

ఆవిడ నిలబడి ఉండగా నేనెలా కూర్చుంటాను? అలాగే నిలబడ్డాను. ఆవిడ నన్ను కిందా పైనా చూసి, కోటు విప్పి, కుర్చీలో కూలబడింది.

"అర్థమైంది. ముందు నేను కూర్చోవాలన్నమాట. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను కూర్చోమని ఆజ్ఞాపించిన మొదటి విద్యార్థివి నువ్వే."

నా మొహం మాడిపోయింది. ఆవిడ అది గమనించింది. మళ్ళీ అలాంటి మాట అనలేదు. పండు ఒలవడం మొదలుపెట్టింది.

క్లాసులో మొదటి నెల అంతా నాకు బాగానే గడిచింది. అందరూ మర్యాదగా ఉన్నారు. దారి ఇచ్చేవారు, తలుపు పట్టుకునేవారు. నా కుటుంబానికి తగినట్టే ఉన్నారనుకున్నాను. ఆ తర్వాత ఈఫా మొదలుపెట్టింది. ఈఫా నా పక్క వరసలో కూర్చునే ఎర్రజుట్టు పిల్ల, పొడగరి, అక్కడి అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్ కాసేది. నేను నడిచే తీరు చూసి "యువర్ మెజెస్టీ" అని పిలవడం మొదలుపెట్టింది. ఒకరోజు గాలివానలో నా గొడుగు వెనక్కి తిరగబడింది. మేయోలో ఎవరూ గొడుగు వాడరని నాకు అప్పటికి తెలియదు. తిరగబడినా సరే, పారేస్తే ఓడిపోయినట్టని, దాన్ని అలాగే నిటారుగా పట్టుకుని స్కూలు గేటులోకి నడిచాను.

"యువర్ మెజెస్టీ, అది గొడుగా, డిష్ యాంటెన్నానా? స్పోర్ట్స్ ఛానల్ వస్తే చెప్పు, మేమూ వచ్చి చూస్తాం" అంది ఈఫా. గేటు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు.

మా ఇంట్లో ఎగతాళికి ఒక లెక్క ఉంది. తెలుగువాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. బావ మరదల్ని అనవచ్చు, వదిన మరిదిని అనవచ్చు. పెళ్ళిలో వియ్యాలవారు ఒకరినొకరు ఎంతైనా అనవచ్చు. వరస కాని మనిషి అంటే అది అవమానం, అంతే. ఈఫా నాకేం వరస? ఆ సాయంత్రం నాన్న గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు.

"ఏందీ, నలుగుర్లో నవ్వారా? నువ్వేం మాట్లాడబాక. నేను చూసుకుంటా" అన్నారు.

"వాళ్ళు అట్టాగే ఉంటారు లెండి ఇక్కడ. మా వార్డులో పేషెంట్లు గూడా నన్ను ఏదో ఒకటి అంటానే ఉంటారు" అంది అమ్మ.

"నువ్వు పడు. నా కూతురు పడనక్కర్లా."

మర్నాడు తన పెళ్ళినాటి సూటు వేసుకుని, టై కట్టుకుని స్కూలుకి వెళ్ళారు. ప్రిన్సిపాల్ ఎదుట నిలబడి, క్షమాపణ కావాలన్నారు. ఈఫాని పిలిపించారు. ఆ పిల్ల మొహం జుట్టుకంటే ఎర్రబడింది. "నాకు చెడు ఉద్దేశం లేదు, సారీ" అని నేల చూస్తూ అంది.

ఆ రోజు నుంచి క్లాసంతా నాతో మర్యాదగా మారిపోయింది. మళ్ళీ తలుపులు పట్టుకున్నారు. నేను భోజనాల బల్ల దగ్గరికి వెళితే "కూర్చో, కూర్చో" అని చోటిచ్చి, తమ డబ్బాలు తీసుకుని వేరే బల్లకి మారిపోయేవారు. ఎవరూ ఒక్క మాట తూలేవారు కాదు. అసలు మాటే లేదు. నాన్న మాత్రం తృప్తిపడ్డారు. "చూశావా, భయం ఉంటేనే మర్యాద" అన్నారు. కానీ క్రిస్మస్ దాటేసరికి నా నోరు పూర్తిగా మూతపడింది. స్కూలు నుంచి వచ్చిన రిపోర్టులో అన్ని సబ్జెక్టుల టీచర్లూ ఒకటే మాట రాశారు, ఈ అమ్మాయి గొంతు మేమింకా వినలేదని. అది చదివి నాన్న తీర్మానించారు.

"ఈడ నోరు పెగలకపోతే ఈడ ఉంచి లాభమేముంది? వేసవి సెలవల్లో తీసకపోయి విజయవాడ హాస్టల్లో చేర్పిస్తా."

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. అమ్మ జడ వేస్తుంటే ఆ వేళ్ళ బరువు నెత్తి మీద ఎలా ఉంటుందో నాకు అప్పుడప్పుడే అలవాటవుతోంది. మళ్ళీ ఫోనులో గొంతయిపోతుందా?

మిస్ డెవానీకి హాస్టల్ సంగతి నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ ఓదార్చలేదు. తొక్క రేడియేటర్ మీద పెడుతూ, చాలా మామూలుగా అడిగింది.

"ఇండియాలో నిన్ను ఎవరూ ఏడిపించేవారు కాదా?"

"ఏడిపించేవాళ్ళు. శీను బావ."

"అతనెవరు? అతనికెందుకు ఆ హక్కు?"

శీను బావ చీరాలలో ఉండే మా మేనత్త కొడుకు. ఆ మాట చెప్పబోయి, మేనత్త అంటే ఏమిటో, బాబాయి కొడుకు అన్నయ్య ఎందుకవుతాడో, మేనత్త కొడుకు ఎందుకు కాడో ఆవిడకి వివరించాల్సి వచ్చింది. ఆవిడ పదే పదే తప్పు అర్థం చేసుకుని అడ్డు ప్రశ్నలు వేసేది. "అయితే మీ అమ్మ చెల్లెలి కొడుకు నిన్ను అనవచ్చా?" "అనకూడదు మిస్, అతను నాకు తమ్ముడు." "మరి వాళ్ళ అత్తగారు?" గంట కొట్టేసరికి నేను బల్ల మీద వేలితో వంశవృక్షం గీస్తున్నాను. వాక్యాలు తలలో కూర్చుకోవడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆవిడకి తెలియనిదీ నాకు తెలిసినదీ ఒకటుందని ఆ గదిలో మొదటిసారి అనిపించింది.

"చివరి ప్రశ్న. వరస లేని మనిషితో మీరెలా ఉంటారు?" అంది.

"మర్యాదగా ఉంటాం."

"మేమూ అంతే. ఫాదర్ గారితో మర్యాదగా ఉంటాం. గార్డ్స్, అంటే మా పోలీసులు, కారు ఆపితే వాళ్ళతో మర్యాదగా ఉంటాం. కొత్తగా వచ్చిన మనిషితో మర్యాదగా ఉంటాం. ఈఫా నీతో మర్యాద మానేసింది ఎప్పుడు?"

"నేనొచ్చిన నెలకి."

"ఆ రోజు ఆ పిల్ల నిన్ను మీ శీను వరసలో కలుపుకుంది. మీ నాన్నగారు సూటు వేసుకొచ్చి ఆ వరస తెంపేశారు. ఇక్కడ దీన్ని స్లాగింగ్ అంటాం. ఆట పట్టించడం. ఇష్టం లేని వాళ్ళ మీద ఎవరూ ఆ శ్రమ పడరు."

ఆ సాయంత్రం వానలో ఇంటికి నడుస్తూ నేను ఆలోచించింది ఈఫా గురించి కాదు, నాన్న గురించి. మా చీరాల మామయ్య, అంటే మేనత్త భర్త, ఒకప్పుడు నాన్నని నిలవనిచ్చేవాడు కాదట. పెళ్ళిళ్ళలో నాన్న చెప్పులు దాచేవాడు. నాన్న నడకని అనుకరించి పందిరంతా నవ్వించేవాడు. మా గోడౌన్లు పోయిన తర్వాత జరిగిన పెళ్ళి మాత్రం నాకు బాగా గుర్తుంది. మామయ్య ఎదురొచ్చి "రండి బావగారూ, దయచేయండి" అన్నాడు. మొదటి పంక్తిలో కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న "ఎంత మర్యాద చేశారో చూశావా" అన్నారు, కిటికీ వైపు తిరిగి. అప్పటి నుంచి మా బంధువుల్లో నాన్నని ఒక్కరు కూడా ఆట పట్టించలేదు. అది మర్యాద కాదని ఆయనకీ తెలుసు. తెలియనట్టు నిలబడటం ఆయన పద్ధతి. ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ మేయో వానలో తడుస్తూ నాకొకటి అర్థమైంది. తెగిపోయిన వరసని ఎవరో ఒకరు ముందుగా కలపాలి, లేకపోతే ఇద్దరూ మర్యాదగానే చచ్చిపోతారు.

మర్నాటి నుంచి మా పాఠం మారింది. ఎదుటివాడికి పుండు ఉన్న చోట వేలు పెట్టకూడదని ముందే చెప్పింది ఆవిడ. ఒంటిని గురించీ లేమిని గురించీ అననే కూడదు. మనిషి గర్వపడే దాని మీద అనాలి, అది తట్టుకోగలడు కాబట్టి. అన్నాక నవ్వకూడదు. "నవ్వకుండా ఉండటంలో నీకు సాటి ఈ జిల్లాలో లేరు. దేవుడు నిన్ను ఈ పనికే పుట్టించాడు" అంది. ముందు తన మీదే ప్రయత్నించమంది. నా వల్ల కాలేదు. గురువుని ఎలా అంటాను? వారం తర్వాత వారం ఆవిడ ఎదురుచూసేది, నేను తల దించుకునేదాన్ని. ఫిబ్రవరిలో ఒకరోజు కిటికీలోంచి ఆవిడ కారు కనిపించింది, రెండు గీతల మీద అడ్డంగా.

"మిస్, మీ కారు పార్క్ చేసినట్టు లేదు. దారి తప్పి ఎవర్నో అడగడానికి ఆగినట్టుంది" అన్నాను.

ఆవిడ ఎంత నవ్విందంటే, పక్క గదిలో వంట పాఠం చెప్పే టీచరు తలుపు తీసి చూసింది. "ఏమీ లేదు, ఈ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చేసింది" అంది మిస్ డెవానీ కళ్ళు తుడుచుకుంటూ.

ఆ ఆదివారం అమ్మతో పనిచేసే నర్సులు క్లబ్బు మ్యాచికి వెళుతుంటే మేమూ వెళ్ళాం. ఈఫా వాళ్ళే గెలిచారు గాని, ఆఖర్లో ఒక బంతి ఈఫా కాళ్ళ మధ్య నుంచి నింపాదిగా గోల్లోకి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున క్లాసు తలుపు దగ్గర ఈఫా ఎప్పట్లాగే తలుపు తెరిచి పట్టుకుని, కళ్ళెత్తకుండా పక్కకి జరిగింది. నా వెనక సగం క్లాసు ఉంది.  వెన్ను నిటారుగా పెట్టి, మొహంలో ఏ మార్పూ లేకుండా అన్నాను.

"థాంక్యూ ఈఫా. నిన్న ఆ బంతికి కూడా ఇంతే మర్యాదగా దారిచ్చావు."

 ఈఫా తలుపు వదిలేసింది. అది వచ్చి నా భుజానికి తగిలింది.

"యువర్ మెజెస్టీకి నోరుందర్రా" అంది వెనక్కి తిరిగి అందరితో. "పద లోపలికి. ఇంక నీకు తలుపు తియ్యను. నీ గొడుగుతో తీసుకో."

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎవరూ లేవలేదు. నాకు చోటు కూడా ఇవ్వలేదు. ఇరుక్కుని కూర్చున్నాను. అంత రుచిగా పెరుగన్నం నేనెప్పుడూ తినలేదు.

కానీ తీర్మానం నాన్నది. ఆయన హాస్టల్‌తో మాట్లాడేశారు కూడా. ఈస్టర్ సెలవలకి ముందు తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. ఆ సాయంత్రం అమ్మకి డ్యూటీ. నాన్న మళ్ళీ అదే సూటు, అదే టై. మిగతా తండ్రులు పొలాల నుంచీ పనుల నుంచీ ఉన్ని స్వెటర్లతో, బురద బూట్లతో వచ్చారు. మిస్ డెవానీ గదిలోకి వెళ్ళాక నాన్న నిలబడే ఉన్నారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు కాబట్టి ముందు తను కూర్చుంది. ఆయన్ని కిందా పైనా చూసింది.

"మిస్టర్ ప్రసాద్, చాలా బాగుంది సూటు. స్కూలు కొనడానికి వచ్చారా?"

 ఎన్నో ఏళ్ళుగా ఆయనతో అలా మాట్లాడిన మనిషి లేడు. నాన్న దవడ బిగిసింది. వెనుదిరిగి వెళ్ళిపోతారు, రేపే టికెట్టు కొంటారు అనుకున్నాను. ఆయన మెల్లిగా తలెత్తి పైకప్పు చూశారు. అక్కడ చెమ్మ మరక. కింద నీళ్ళు పట్టే బకెట్టు. తాతగారు గోడౌను బేరం చేసేటప్పుడు చూసేవారని నాన్నే చెప్పిన చూపు అది.

"చూశాను. పైకప్పు బాగాలేదు. నాకొద్దు" అన్నారు ఇంగ్లీషులో, మొహం చిట్లించకుండా.

మిస్ డెవానీ బల్ల మీద చరిచి నవ్వింది. "ఈ పిల్లకి ఇది ఎక్కడిదా అని చూస్తున్నాను ఇన్నాళ్ళూ. కూర్చోండి" అంది. నాన్న కూర్చున్నారు. నా చదువు గురించి చివర్లో రెండు మాటలు చెప్పింది, అంతే. మిగతా సమయమంతా వాళ్ళిద్దరూ మేయో వాన గురించి ఒకరినొకరు అనుకుంటూ గడిపారు. నాన్న టై వదులు చేయడం నేను అప్పుడే చూశాను.

 కారు మా ఇంటి మలుపు తిరుగుతుంటే అడిగారు నాన్న.

"ఆమెకి పిల్లలున్నారా?"

"లేరు నాన్నా. పెళ్ళి చేసుకోలేదంట."

"ఊఁ. వయసులో నాకంటే పెద్దదే. వదిన వరస అనుకుందాంలే."

హాస్టల్ మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మిస్ డెవానీ రిటైరై ఇప్పుడు సముద్రం వైపు అక్క గారింట్లో ఉంటోంది. నర్సింగ్ హోమ్ వంటగదిలో నాన్నని అందరూ "బాస్" అని ఏడిపిస్తారు, ఆయన వాళ్ళకి ఉప్పు వెయ్యడం నేర్పలేక చచ్చిపోతున్నానంటారు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంగ్లీషు అని అందరూ అంటారు. అది నిజమే, ఆ ఇంగ్లీషుతోనే ఇవాళ తింటున్నాను. కానీ నాతో ఉండిపోయింది వేరే. కిందటేడు చీరాల వెళ్ళాను, ఎన్నో ఏళ్ళకి. శీను బావ గుమ్మంలోకి వచ్చి "రండి, ప్రయాణం బాగా జరిగిందా మీకు" అన్నాడు. మామయ్య లేచి నిలబడ్డాడు. అత్తయ్య కొత్త గ్లాసు వెతుకుతోంది.

"ఏం బావా, ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళు వచ్చారనుకున్నావా, మీరు మీరు అంటన్నావు? ఏం దాచావేంది లోపల?" అన్నాను.

 మామయ్య బావ వైపు చూశాడు. బావ గొంతు సవరించుకున్నాడు.

"గుమ్మంలో పందిరి రాటలాగా నిలబడితే ఏమనుకోవాలే మరి?" అన్నాడు. వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. తర్వాత మామయ్య "మీ నాన్న యాడ? నడక నేర్చుకుంటన్నాడా ఇంకా?" అన్నాడు. నేను వెంటనే నాన్నకి ఫోను కలిపి మామయ్య చేతిలో పెట్టాను.

ఆ సంగతి చెప్పడానికి మిస్ డెవానీకి ఫోన్ చేశాను. నేనేం అన్నానో అంతా వివరంగా చెప్పుకొచ్చాను. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"అది సరే. మీ శీను తిరిగి ఏమన్నాడు?" అంది.

చెప్పాను. పందిరి రాట అంటే ఏమిటో కూడా వివరించాను.

"గ్రాండ్" అంది తృప్తిగా. "అయితే ఇంక భయం లేదు."